ఎకో, నార్మల్, స్పోర్ట్: ఈ నాబ్ దేనికైనా తగిలించి ఉందా?

కొత్తస్టీరింగ్
టర్బో పెట్రోల్ ఆటోమేటిక్ కొని నాలుగు నెలలైంది. గేర్ లివర్ పక్కన ఒక నాబ్ ఉంది. తిప్పితే ఎకో, నార్మల్, స్పోర్ట్. నొక్కి తిప్పితే స్నో, మడ్, శాండ్ అని ఇంకో మూడు. బండితో ఇచ్చిన పుస్తకంలో ఒక్కోదానికి ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఎకో అంటే ఇంధన పొదుపుకు అనుకూలమట, స్పోర్ట్ అంటే ఉత్సాహంగా నడపడానికి అనుకూలమట. ఆ మాత్రం పేరు చూస్తే నాకూ తెలుస్తుంది.

రెండో నెల మొదటి రోజున ఎకోలో పెట్టి నెలంతా అలాగే వదిలేశాను. బండి చచ్చినట్టు కదిలేది, లారీని దాటాలంటే టెన్షన్. పోనీ మైలేజీ పెరిగిందా అంటే అదీ లేదు. మూడో నెల మొదటి రోజున స్పోర్ట్‌కి మార్చాను. మైలేజీ ఏమీ తగ్గలేదు. ట్యాంకు నిండా కొట్టించిన ప్రతిసారీ లెక్కేశాను, ఎకో నెల లీటరుకు 13.8, స్పోర్ట్ నెల 13.7.

మా మామగారేమో "ఎకోలోనే ఉంచవయ్యా, ఇంజన్ మన్నుతుంది" అంటారు. మా అబ్బాయి నేను దిగడం ఆలస్యం, సీట్లో కూర్చుని ముందు నాబ్‌ని స్పోర్ట్ వైపు తిప్పి ఆ తర్వాతే స్టార్ట్ బటన్ నొక్కుతాడు. ఇంతకీ అది నిజంగా ఏమైనా చేస్తుందా, ఊరికే తిరుగుతుందా?

క్లచ్‌కింగ్
సింపుల్. స్పోర్ట్‌లో పవర్ పెరుగుతుంది, ఎకోలో తగ్గుతుంది. 120 గుర్రాల బండి ఎకోలో 90 గుర్రాలది అయిపోతుంది. అందుకే చచ్చినట్టుంది.

వెనకసీటు
మా ఇంట్లో నాబ్ లేకుండానే మూడు మోడ్‌లున్నాయి. నాన్న ఎకో, అన్నయ్య స్పోర్ట్, పక్కన అమ్మ కూర్చుంటే ఇద్దరూ నార్మల్.

నాలుగోగేరు
క్లచ్‌కింగ్ చెప్పినది చాలామంది అనుకునేదే గానీ, మామూలు పెట్రోల్, డీజిల్ బండ్లలో ఎక్కువ వాటికి అది నిజం కాదు.

వెనకటి బండ్లలో యాక్సిలరేటర్ నుంచి ఒక కేబుల్ వెళ్లి గాలి పోయే దారిలో ఉన్న రేకుని నేరుగా లాగేది. కాలు ఎంత నొక్కితే రేకు అంత తెరుచుకునేది. ఇప్పుడా కేబుల్ లేదు. పెడల్ దగ్గర సెన్సర్లు ఉంటాయి. ఒకటి తప్పు చెప్తే పట్టుకోవడానికి రెండోది. కాలు ఎంత నొక్కిందో అవి కంప్యూటర్‌కి చెప్తాయి, ఇంజన్‌ని ఎంత పని చేయించాలో అది తేలుస్తుంది. మోడ్ మార్చడమంటే ఆ కంప్యూటర్ చూసుకునే పట్టిక మార్చడం. మీరు పెడల్‌ని 30 శాతం నొక్కారనుకోండి. ఎకోలో దాన్ని 15 అడిగినట్టు తీసుకుంటుంది, స్పోర్ట్‌లో 50 అడిగినట్టు తీసుకుంటుంది. ఈ అంకెలు అర్థం కావడానికి నేను వేసినవి, బండిని బట్టి మారతాయి. పెడల్‌ని నేలకంటా తొక్కేస్తే మాత్రం చాలా బండ్లలో మూడు మోడ్‌లలోనూ అందేది ఒకటే పవర్.

రెండోది గేర్‌బాక్స్. నా లెక్కలో అసలు తేడా ఇక్కడే ఉంది. ఎకోలో బండి ఎప్పుడెప్పుడు పై గేరుకి పోదామా అని చూస్తుంటుంది. ఆర్‌పీఎం 1500 దగ్గర తిరుగుతుంటే చిన్న టర్బో, అంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపేది, ఇంకా ఊపిరి అందుకోదు, మీరు తొక్కాక గేరు తగ్గి, టర్బో తిరిగి, అప్పుడు కదులుతుంది. ఆ ఒకటి రెండు సెకన్లే మీకు చచ్చినట్టు అనిపించేది. స్పోర్ట్‌లో గేరు కిందే పట్టుకుని ఉంటుంది కాబట్టి ఆ ఎదురుచూపు ఉండదు.

క్లచ్‌కింగ్
మరి స్పోర్ట్‌లో వీపు సీటుకి అంటుకుపోతుందిగా? అది కల్పనా?

నాలుగోగేరు
కల్పన కాదు. పావు పెడల్‌కే సగం ఇచ్చేస్తే అలాగే ఉంటుంది. ఖాళీ రోడ్డు చూసుకుని ఎకోలో పెట్టి పెడల్ కింద చిన్న మెట్టులా తగిలేదాకా నొక్కండి. కొన్ని బండ్లలో అక్కడ కిక్‌డౌన్ స్విచ్ ఉంటుంది. అది తగిలితే ఎకో గికో జాన్తా నై, ఉన్నదంతా ఇచ్చేస్తుంది. ఓవర్‌టేక్ మధ్యలో నాబ్ కోసం తడుముకునే కన్నా అది తెలిసి ఉండడం మంచిది.

బ్యాటరీబాబు
ఒక సవరణ. ఎలక్ట్రిక్ బండ్ల సంగతి వేరు. చాలావాటిలో ఎకో అంటే పవర్‌కి నిజంగానే మూత బిగిస్తుంది, కొన్నింటిలో పూర్తి పవర్ స్పోర్ట్‌లోనే వస్తుంది. అక్కడ క్లచ్‌కింగ్ మాట కరెక్టు.

క్లచ్‌కింగ్
చూశారా! నేను భవిష్యత్తు గురించి మాట్లాడాను.

పాతడీజిల్
ఇదంతా అమ్ముకోవడానికి పెట్టిన హంగు. మా రోజుల్లో కాలే మోడ్. మెల్లగా తొక్కితే ఎకో, గట్టిగా తొక్కితే స్పోర్ట్. రెండు కంప్యూటర్లు, ఒక నాబ్ ఎందుకు దానికి?

గేరుగణపతి
మీ రోజుల్లోనూ ఉండేవి సార్. 1980ల్లోనే టొయోటా ఆటోమేటిక్ బండ్లలో పవర్ అని బటన్ వచ్చింది, నొక్కితే గేరు ఆలస్యంగా మారేది. అదే కంపెనీ 1983లో సోరర్ అనే కారులో సస్పెన్షన్ గట్టిదనాన్ని కూడా ఎలక్ట్రానిక్‌గా మార్చేలా చేసింది. స్టీరింగ్ మీద నాబ్ పెట్టి అన్నీ ఒకేసారి మార్చడం ఫెరారీ ఎఫ్430తో 2004లో మొదలైంది, వాళ్లు దాన్ని మనెత్తినో అంటారు. నేల రకాన్ని బట్టి తిప్పే నాబ్ ల్యాండ్ రోవర్ డిస్కవరీ 3లో వచ్చింది, అదీ 2004లోనే. ఇప్పుడు మన ఫ్యామిలీ బండ్లలో కనిపించేది ఆ రెండింటి పిల్లే.

పాతడీజిల్
సరే బాబూ, ఫెరారీకి ఉందని నాకూ కావాలంటే పెట్రోల్ ఎవరు కొట్టిస్తారు. నా మాట మారదు. సస్పెన్షన్ మారని బండిలో స్పోర్ట్ అని రాయడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

గేరుగణపతి
అందులో నిజముంది. మనం కొనే బండ్లలో చాలావరకు నాబ్ తిప్పితే మారేది పెడల్ స్పందన, గేర్లు, స్టీరింగ్ బరువు, ఏసీ. అంతే. సస్పెన్షన్ మారాలంటే దానికి తగిన డంపర్లు, అంటే షాక్ అబ్జార్బర్లు, విడిగా ఉండాలి. అవి లేని బండిలో స్పోర్ట్ పెట్టి "గుంతల్లో గట్టిగా కొడుతోంది" అన్నవాణ్ణి చూశాను నేను.

వెనకసీటు
మా అన్నయ్యే అయ్యుంటాడు.

పెడల్‌పద్మ
ఎవరూ అనని మాట ఒకటి చెప్తాను. మా అత్తగారికి కారెక్కితే తిప్పుతుంది. మా వారు ఎప్పుడూ స్పోర్ట్. ట్రాఫిక్‌లో కాలు తాకితే బండి ముందుకు ఉరుకుతుంది, తీస్తే గేరు కిందే ఉండిపోయి వెనక్కి లాగినట్టు ఆగుతుంది. పది నిమిషాలు అలా ఊగితే ఆవిడేంటి, నాకే తిప్పేది. ఒకరోజు నేను ఎకోలో పెట్టి నడిపాను. దారంతా కళ్లు మూసుకుని పడుకున్నారావిడ. మైలేజీ మాట దేవుడెరుగు, ఆగుతూ కదులుతూ పోయే రోడ్డులో నున్నగా నడపడానికి ఎకోని మించింది లేదు. పెడల్ మొద్దుబారినట్టుండడం అక్కడ లోపం కాదు, సుఖం.

వాన పడుతున్నప్పుడు కూడా నేను ఎకోలోనే పెడతాను. తడి రోడ్డు మీద కాలు కాస్త ఎక్కువ పడ్డా చక్రం అంత తేలిగ్గా జారదు.

నాలుగోగేరు
పద్మ గారు చెప్పినది నేను పూర్తిగా వదిలేశాను. రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్ ఉన్నవాళ్లు కూడా గమనించండి, నత్తనడక ట్రాఫిక్‌లో స్పోర్ట్ పెడితే అది ఒకటికీ రెండుకీ మధ్య కొట్టుకుంటూ కుదుపుతుంది.

ఏసీలేనిదే
నా కథ వినండి. మండుటెండల్లో ఏసీ సరిగ్గా చల్లబడటం లేదని వర్క్‌షాప్‌కి తీసుకెళ్లాను. గ్యాస్ చూశారు, ఫిల్టర్ మార్చారు, ఏమీ దొరకలేదు. వారం తర్వాత మళ్లీ వెళ్లాను. అక్కడ ఒక కుర్రాడు కూర్చుని మీటర్ వైపు చూసి, ఏమీ అనకుండా ఎకో బటన్ నొక్కి ఆపేశాడు. ఐదు నిమిషాల్లో మంచుగడ్డ. ఎకోలో కంప్రెసర్‌ని తక్కువ పని చేయిస్తుందట. రెండుసార్లు బండి విప్పినవాళ్లెవరికీ ఆ సంగతి తట్టలేదు.

కొత్తస్టీరింగ్
ఇవన్నీ బాగున్నాయి, అర్థమయ్యాయి కూడా. కానీ నా ప్రశ్న అలాగే ఉండిపోయింది. గేర్లు మారి, ఏసీ మారి, పెడల్ మారితే రెండు నెలల్లో మైలేజీ తేడా 0.1 ఎలా వస్తుంది? అదే రోడ్డు, అదే ఆఫీసు, అదే నేను.

ట్రిప్‌మీటర్
మీ మొదటి పోస్టు మళ్లీ చదివాను. "మొదటి రోజున ఎకోలో పెట్టి నెలంతా వదిలేశాను" అన్నారు. ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేశాక మీటర్‌లో ఏ మోడ్ కనిపిస్తుందో ఎప్పుడైనా చూశారా?

కొత్తస్టీరింగ్
లేదు. నాబ్ దగ్గర ఉన్నది ఉన్నట్టే ఉంటుంది కదా?

ట్రిప్‌మీటర్
ఉండదు. ఆ నాబ్ ఎటు తిప్పినా వదిలేస్తే మధ్యకి వచ్చేస్తుంది కదా, అంటే అది స్విచ్ లాంటిది, ఏ మోడ్‌లో ఉన్నదీ దాన్ని చూసి చెప్పలేం. చాలా బండ్లు ఆపి స్టార్ట్ చేసిన ప్రతిసారీ నార్మల్‌కి వెళ్లిపోతాయి. దానికో కారణం కూడా ఉంది. యూరప్‌లో ఇంధన, పొగ పరీక్షల నిబంధనల్లో, ఇంతకుముందు ఏది పెట్టినా స్టార్ట్ చేయగానే తప్పకుండా వచ్చే మోడ్ ఒకటుంటే దాన్నే ప్రధాన మోడ్‌గా తీసుకుని పరీక్షిస్తారు. అందుకని కంపెనీలు అలా ఒకదాన్ని స్థిరంగా పెట్టుకుంటాయి.

ఒకసారి కిందికెళ్లి చూసి రండి.

కొత్తస్టీరింగ్
చూసొచ్చాను. ఎకో పెట్టాను, ఆపాను, స్టార్ట్ చేశాను. మీటర్ మూలన అరంగుళం కూడా లేని అక్షరాల్లో నార్మల్ అని ఉంది.

వెనకసీటు
అయితే నెలంతా చచ్చినట్టుంది అని మీరు తిట్టింది నార్మల్‌ని!

క్లచ్‌కింగ్
ఆ తర్వాత నెలంతా ఎంజాయ్ చేసింది కూడా నార్మల్‌నే 😂

పాతడీజిల్
నేను ముందే చెప్పలేదూ, కాలే మోడ్ అని. ఈయనే సాక్ష్యం.

నాలుగోగేరు
పాతడీజిల్ గారికి ఈ ఒక్క పాయింటు ఇచ్చేయాల్సిందే. స్పోర్ట్ అని రాసి ఉంటే మనకి తెలియకుండానే కాలు అలా పడుతుంది, ఎకో అనుకుంటే బండి బద్ధకంగా కనిపిస్తుంది.

ఇక మైలేజీ విషయానికొస్తే ఎకో అద్భుతాలేమీ చేయదు. కాలు అదుపులో ఉన్నవాడికి నార్మల్‌కీ ఎకోకీ తేడా కొద్దిగానే ఉంటుంది. హైవే మీద ఒకే వేగంతో పోతుంటే ఇంకా తక్కువ, ఎందుకంటే రెండింట్లోనూ చివరికి అదే పై గేరులో ఉంటారు. అక్కడ పెట్రోల్ తాగేది గాలి. గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, 80లో పోయేవాడు 100కి పెంచితే అడ్డు 56 శాతం ఎక్కువవుతుంది. నాబ్ ఎటు తిప్పినా ఆ లెక్క మారదు.

కొండదారి
ఎకో గురించి ఒక హెచ్చరిక. కొన్ని బండ్లలో ఎకో పెట్టి కాలు తీసేస్తే గేర్‌బాక్స్ ఇంజన్ నుంచి విడిపోయి బండి న్యూట్రల్‌లో ఉన్నట్టు దొర్లుకుంటూ పోతుంది. చదును రోడ్డు మీద అది మంచిదే. ఘాట్ దిగేటప్పుడు కాదు. నేను తెలియక అలాగే దిగాను, బండి ఊరుకోదు, బ్రేకు మీద బ్రేకు. సగం దిగేసరికి కాలిన వాసన, పెడల్ మెత్తబడింది. పక్కకి ఆపి ముప్పావుగంట కూర్చున్నాం. ఇప్పుడు దిగేటప్పుడు స్పోర్ట్ పెడతాను, లేదా చేత్తో గేరు తగ్గిస్తాను. ఇంజనే బండిని పట్టుకుంటుంది.

పెడల్‌పద్మ
దిగేటప్పుడు స్పోర్ట్ పెడితే పెట్రోల్ ఎక్కువ తాగదా?

కొండదారి
తాగదండీ. గేరులో ఉండి కాలు పూర్తిగా తీసేస్తే ఇంజెక్టర్లు పెట్రోల్ ఆపేస్తాయి, చక్రాలే ఇంజన్‌ని తిప్పుతుంటాయి. న్యూట్రల్‌లో దొర్లితేనే ఇంజన్ ఆగిపోకుండా కొంచెం తాగుతూ ఉండాలి. ఆర్‌పీఎం మోత విని అందరూ తలకిందులుగా అనుకుంటారు.

మట్టిరోడ్డు
ఆ ఇంకో మూడింటి గురించి ఎవరూ ఎత్తలేదు. కొత్తస్టీరింగ్ గారూ, మీ బండి రెండు చక్రాల డ్రైవా, నాలుగు చక్రాలదా?

కొత్తస్టీరింగ్
ముందు చక్రాలు మాత్రమే.

మట్టిరోడ్డు
అయితే శాండ్ అని తిప్పినంత మాత్రాన వెనక చక్రాలకి శక్తి రాదు, అది మొదట గుర్తుపెట్టుకోండి. జారుతున్న చక్రాన్ని కంప్యూటర్ ఎంతవరకు జారనివ్వాలన్న లెక్కే మారుతుంది.

మామూలుగా చక్రం జారితే ట్రాక్షన్ కంట్రోల్ ఇంజన్ పవర్ కోసేస్తుంది, ఆ చక్రానికి బ్రేకు వేస్తుంది. తడి రోడ్డు మీద అదే ప్రాణం కాపాడుతుంది. ఇసుకలో అదే ముంచుతుంది. ఇసుకలో బండి ఊపు మీద పోవాలి, చక్రం కొంత తిరుగుతూ ఉండాల్సిందే, మధ్యలో పవర్ కోసేస్తే అక్కడే కూరుకుపోతుంది. అందుకే శాండ్‌లో పట్టు సడలిస్తారు. మడ్ కూడా దాదాపు అంతే, టైరు గాడుల్లో ఇరుక్కున్న బురద ఎగిరిపోవాలంటే చక్రం తిరగాలి. స్నో దీనికి పూర్తిగా వ్యతిరేకం: పెడల్ మెత్తగా, బండి కదలడమే రెండో గేరులో, కాస్త జారినా వెంటనే పట్టేస్తుంది.

ఇంతా చేసి టైర్లు నున్నగా అరిగి ఉంటే ఏ మోడూ పనిచేయదు. ఇసుకలో టైరు గాలి తగ్గిస్తే వచ్చే లాభంలో సగం కూడా నాబ్‌తో రాదు. బయటికొచ్చాక గాలి మళ్లీ కొట్టుకోవాలి సుమా.

క్లచ్‌కింగ్
మా ఫ్రెండ్ ఫోర్ బై ఫోర్‌ని ఎప్పుడూ 4హెచ్‌లో, అంటే నాలుగు చక్రాలకీ శక్తి పోయేలా, పెట్టే తిప్పుతాడు. గ్రిప్ ఎక్కువట.

మట్టిరోడ్డు
అయ్యో, ముందు ఆపించండి! మధ్యలో డిఫరెన్షియల్ (ముందు, వెనక ఇరుసుల్ని వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) లేని, అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకి మార్చుకునే పార్ట్‌టైమ్ బండి అయితే 4హెచ్‌లో ముందు, వెనక ఇరుసులు ఒకదానికొకటి బిగిసిపోతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి, వెనకవి తక్కువ. బురదలోనైతే టైర్లు జారి ఆ తేడా సర్దుకుంటుంది. ఆరిన తారు రోడ్డు మీద జారడానికి వీల్లేక ఆ బిగుతంతా గేర్ల మీద, షాఫ్టుల మీద పడుతుంది. మలుపు తిప్పితే బండి తన్నుతున్నట్టు ఉంటే అదే. ఎకో, స్పోర్ట్ నడుస్తూ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. దీన్ని వాటితో కలపకూడదు.

క్లచ్‌కింగ్
టర్నింగ్‌లో కొట్టుకుంటోందని వాడు అలైన్‌మెంట్ చేయించుకున్నాడు పోయిన నెల. ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.

మాటలమోటారు
బ్యాటరీబాబు గారూ, ఎలక్ట్రిక్‌లో మోడ్ మారిస్తే కాలు తీయగానే బండి దానంతటదే ఆగుతుంది కదా. అలా ఆగినప్పుడు వెనక లైటు వెలుగుతుందా? నా వెనకున్నవాడు గుద్దేస్తాడేమో అని భయం.

బ్యాటరీబాబు
గట్టిగా తగ్గితే వెలుగుతుంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 13-హెచ్ అని ఉంది. దాని ప్రకారం వేగం సెకనుకి 1.3 మీటర్లు/సెకను కన్నా ఎక్కువగా తగ్గుతుంటే బ్రేకు లైటు వెలగాలి, 0.7 లోపు అయితే వెలగకూడదు, మధ్యలో కంపెనీ ఇష్టం. అంటే మెల్లగా కాలు తీస్తే వెలగకపోవచ్చు. రాత్రి బండి వెనక గోడ ఉండేలా చూసుకుని, ముందుకి కదిలి కాలు తీసి చూడండి, లైటు వెలిగితే గోడ మీద ఎరుపు కనపడుతుంది.

ఇంకోటి. బ్యాటరీ నూరు శాతం నిండి ఉంటే రీజెన్, అంటే కాలు తీయగానే మోటారే బండిని ఆపుతూ బ్యాటరీని నింపడం, సరిగా పట్టదు, తిరిగొచ్చే కరెంటుని పెట్టుకోడానికి చోటుండదు మరి. నిన్నటిదాకా కాలు తీస్తే ఆగిన బండి ఆ పూట అలా ఆగకపోవచ్చు. కాలు బ్రేకు దగ్గరే ఉంచుకోండి.

కొత్తస్టీరింగ్
ఇంకొక్కటే. మామగారి మాట, ఎకోలో ఇంజన్ మన్నుతుందన్నది?

నాలుగోగేరు
స్పోర్ట్‌లో పెట్టినా కంప్యూటర్ ఎర్రగీత దాటనివ్వదు, ఇంజన్ వేడెక్కాక వాడితే దానికొచ్చిన నష్టం లేదు. పొద్దున్నే చల్లటి ఇంజన్‌ని స్పోర్ట్‌లో గట్టిగా తొక్కడం మాత్రం తప్పే. డీజిల్ వాళ్లకి ఇంకో మాట: ఎప్పుడూ చిన్నచిన్న దూరాలు, ఎప్పుడూ తక్కువ ఆర్‌పీఎం అయితే పొగ గొట్టంలోని ఫిల్టర్ తనని తాను కాల్చుకుని శుభ్రపడేంత వేడి రాదు. వాళ్లు అప్పుడప్పుడూ హైవే ఎక్కాలి. మామగారికి ఇదంతా చెప్పకండి, ఎకో అంటే సరే అనేయండి.

కొత్తస్టీరింగ్
ఆరు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. ఈసారి స్టార్ట్ చేసిన ప్రతిసారీ మీటర్ మూల చూసుకుని మోడ్ పెట్టాను. రెండేసి ట్యాంకులు, అదే ఆఫీసు దారి. ఎకో 14.4, నార్మల్ 13.8, స్పోర్ట్ 12.7. ఎకో నిజంగానే మొద్దు, పోయినసారి నేను తిట్టింది దీని ముందు ఏమీ కాదు. కానీ పద్మ గారు చెప్పినట్టు ట్రాఫిక్‌లో అలవాటైపోయింది. మా బండిలో కస్టమ్ అని నాలుగోది కూడా ఉందని ఇప్పుడే కనిపెట్టాను, స్టీరింగ్ స్పోర్ట్‌లో, ఇంజన్ నార్మల్‌లో పెట్టుకున్నాను. మామగారికి 14.4 చూపిస్తే "నేనేం చెప్పాను" అన్నారు.

ట్రిప్‌మీటర్
ఇప్పుడు లెక్క కుదిరింది. మరి మీ అబ్బాయి? స్టార్ట్ చేయకముందే తిప్పేవాడన్నారు.

కొత్తస్టీరింగ్
అదీ చూశాను. స్టార్ట్ కాకముందు నాబ్ తిప్పితే బండి పట్టించుకోదు. పోయిన ఆదివారం కూడా పక్క సీట్లో నన్ను కూర్చోబెట్టుకుని "చూడు నాన్నా, స్పోర్ట్‌లో ఆ లాగుడే వేరు" అన్నాడు. మీటర్ మూలన నార్మల్ అని ఉంది. ఇంకా చెప్పలేదు వాడికి.